మడమ ఆనని అడుగు

కోదాడలో ఆ పొద్దున లాజరు డ్యూటీకి బయల్దేరుతుంటే కూతురు కృపారాణి ల్యాప్‌టాప్ పట్టుకుని అడ్డం నిలబడింది. యానిమేషన్ కోర్సులో ఒక బొమ్మను నడిపించి చూపమన్నారు. నడిచే మనిషిని వీడియో తీసి, ఒక్కో అడుగూ ఆపి చూసి గీయాలి. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లుగా బస్తాలు మోస్తున్న తండ్రిని మించిన నడక ఆమెకు ఇంకెక్కడ దొరుకుతుంది?

"సూడు నాయినా, నువ్వే!"

తెరమీద బొమ్మ మడమ ఆనించి, పాదం పరిచి, వేళ్లతో నేలను తోసి దర్జాగా నడిచింది. లాజరు ముచ్చటపడ్డాడు. ఏసమ్మ మాత్రం పిండి చేతులతోనే వచ్చి మొగుడినీ బొమ్మనూ మార్చి మార్చి చూసింది.

"ఏమయ్యా, నువ్వు గట్ల ఎడమ మడమ ఆనిచ్చి నడిచి ఎన్ని రోజులాయె?"

కృప చటుక్కున తండ్రి కాళ్ల వైపు చూసింది. పది రోజుల కింద తీసిన వీడియోలో ఆ మడమ నేలను తాకనేలేదు. ఆమె చూసింది కూడా. పాఠంలో చెప్పినట్టు లేదని, మార్కులు పోతాయని, కుడికాలిని చూసి బొమ్మ ఎడమకాలిని దిద్దేసింది.

"నాయినా, బూటు ఇప్పు."

"డ్యూటీకి యాళ్లయితుంది."

"ఇప్పు నాయినా!"

"నా కాలు నా ఇష్టం! బిడ్డవు బిడ్డలెక్క ఉండు!"

లాజరు మొండితనం వాడకట్టులో అందరూ ఎరుగుదురు. కానీ కూతురి మీద అరవడం అదే మొదటిసారి. ఏసమ్మ గడపలో అడ్డంగా కూర్చుంది.

"పోతే నన్ను తొక్కి పో."

చివరికి బూటు ఊడింది. గది నిండా వాసన. పసుపు అద్దిన గుడ్డ కింద మడమ నల్లబడిపోయి ఉంది.

"ఇనుప మొల దిగింది. నొప్పి లేకపోయె, మానుతుందనుకున్న. రసి కారి బూటు తడుస్తదని మడమ లేపి నడుస్తున్న. మేస్త్రీకి తెలిస్తే పన్లకు రానియ్యడు కదా" అన్నాడు లాజరు, తల దించుకుని.

సూర్యాపేట దవాఖానలో డాక్టరు కాలును చాలాసేపు చూశాడు. "షుగరున్నోళ్లకు నొప్పి తెలియకపోవడమే ప్రమాదం. వారం ముందొస్తే కడిగి కట్టు కట్టేవాళ్లం. ఇప్పుడు ఎముక దాకా పాకింది. మోకాలి కింద తీసెయ్యాలి."

ఆపరేషన్‌కు తీసుకుపోయే ముందు కృప స్ట్రెచర్ మీదికి వంగింది.

"నేను పది రోజుల కిందనే సూసిన నాయినా. బొమ్మల నీ అడుగు దిద్దిన గానీ, నిన్నొక్క మాట అడగలే."

లాజరు ఆమె తల నిమిరాడు. "అడిగినా అబద్ధమే చెప్పేటోన్ని బిడ్డా. ఏడ్వకు."

ఆ మాటతో ఆమె ఏడుపు ఇంకా ఎక్కువైంది. స్ట్రెచర్ చివరికి పోయి దుప్పటి పక్కకు తీసి, తండ్రి రెండు పాదాలనూ చేతుల్లోకి తీసుకుంది. నర్సు వచ్చి విడిపించేదాకా వదల్లేదు.