మార్జిన్‌లో అక్క

అక్క పోయాక ఆమె చెప్పే పాఠం చెల్లెలి నెత్తిన పడింది. ఇద్దరూ ఒకే కాలేజీలో ఇంగ్లీషు టీచర్లు. పాఠం ఓ పాత అమెరికన్ నవల, భార్యని చంపిన రైతు కథ. అందులో ప్రతీకలు, పోలికలు, ముందుసూచనలు ఎక్కడెక్కడున్నాయో అక్క తన పుస్తకం మార్జిన్లలో పెన్సిల్‌తో రాసుకుంది. మధ్యాహ్నం మూడింటికి పుట్టింటి మేడ మీద అక్క గదిలోనే కూర్చుని చెల్లెలు వాటిని నోట్సులోకి ఎక్కిస్తోంది. బయట ముసురు. గదినిండా చెమ్మెక్కిన కాగితాల వాసన. పేజీల మధ్య, చిన్నవయసులోనే నెరిసిన అక్క తలవెంట్రుక ఒకటి చిక్కుకుని ఉంది.

అక్కని బావే సుత్తితో కొట్టి చంపాడు. కళ్లారా చూసింది చెల్లెలొక్కతే. మర్నాడే కోర్టులో సాక్ష్యం. బావ బెయిలు మీద బయటే తిరుగుతున్నాడు.

రైతు తన భార్యకి నీళ్లు తోడిపెట్టే ఘట్టం పక్కన అక్క రాత: ‘ముందుసూచన. వీడు తియ్యగా మాట్లాడాడంటే కొట్టబోతున్నట్టే.’

“పుస్తకంలో వాణ్ణి పట్టేశావు గానీ, ఇంట్లో వాణ్ణి పట్టలేకపోయావు కదే అక్కా!” అనుకుంటూ చెల్లెలు పేజీ తిప్పింది.

ఖాళీ మార్జిన్‌లో ఒక్కో అక్షరం పుడుతోంది... మెల్లగా... పెన్సిల్ గీరుతున్న చప్పుడుతో సహా.

‘మెట్ల మీదున్నాడు. గడియ వెయ్యి.’

ఆమె లేచేలోపే తలుపు తెరుచుకుంది.

“ఏమ్మా మరదలా, చిక్కిపోయావే! వేళకి తింటున్నావా?” బావ గొంతులో తేనె. కుడిచెయ్యి వీపు వెనకాల. “రేపా కోర్టు మెట్లెక్కడం నీకవసరమా, చెప్పు?”

“బావా... వద్దు...”

సుత్తి దెబ్బకి నుదురు చిట్లింది. కళ్లలోకి రక్తం. ఆమె బల్ల కిందికి పాకింది. రెండో దెబ్బకి బల్ల చెక్క పగిలింది. కాలు పట్టి బయటికి ఈడ్చాడు. మూడోసారి ఎత్తిన చెయ్యి...

దిగలేదు.

ఎముక విరిగిన చప్పుడు. వాడి చేతిలోంచి జారిన సుత్తి నేల మీద పడలేదు. గాల్లోనే ఆగింది.

చెల్లెలి తల మీదుగా చూస్తూ బావ గొణిగాడు, “నువ్వా? నిన్ను నేను...”

దవడ మీద దెబ్బ. మోకాలి మీద. మళ్లీ దవడ మీద. ఆమె కళ్లు మూసుకుంది. తడిబట్ట బండకేసి బాదుతున్నట్టు ఆ చప్పుడు... ఎంతకీ ఆగలేదు.

బావ శవాన్ని గుర్తుపట్టడానికి పోలీసులు వేలి ఉంగరం చూడాల్సి వచ్చిందట.

ఆమెకి స్పృహ వచ్చేసరికి ఆసుపత్రి. నర్సు ఆమె నుదుటి మీది రక్తం తుడుస్తూ చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

“అమ్మా, దీనికి కుట్లెవరు వేశారు?”

“ఎవరూ వెయ్యలేదే.”

“ఏడు కుట్లున్నాయి. దారం కాదిది...” నర్సు గొంతు గుసగుసలోకి దిగింది. “తలవెంట్రుక. తెల్లది. కొస ఇంకా లోపలికి పోతూనే ఉంది...”