తప్పు కాజాల్లో గుండీలు

పధ్నాలుగు గంటల విమాన ప్రయాణంలో ఆరో గంట గడుస్తోంది. బయట మిట్టమధ్యాహ్నం. లోపల మాత్రం కిటికీ రెక్కలు దించి, దీపాలు ఆర్పి, మూడువందల మందికి బలవంతపు రాత్రి పెట్టారు. నిద్రపోయినవాడు నీళ్లడగడు, కాళ్లకు చోటడగడు, అదీ కిటుకు. విప్పిన సాక్సుల వాసన, వేడిచేసిన బన్నుల వాసన, మరుగుదొడ్డి తలుపు తెరిచినప్పుడల్లా వచ్చే ఫినాయిలు వాసన కలిసి గాలి ముద్దకట్టింది.

దర్జీ మధ్య సీట్లో ఇరుక్కున్నాడు. కుడివైపువాడు కూర్చోమంటే కాళ్లు చాపే రకం. ఎడమవైపువాడి మోచేయి ఇతని పక్కటెముకల్లోనే కాపురం పెట్టింది. ముందువాడు సీటు వాల్చి, ఒళ్లో తలపెట్టినంత పని చేశాడు. ఒక్కడి ఒంటిమీదా తిన్నని కుట్టు లేదు. ముఖం కన్నా ముందు చొక్కా చూడటం దర్జీకి నలభై ఏళ్ల అలవాటు. చొక్కా చూశాక ముఖం చూడబుద్ధయ్యేది కాదు.

ఇదంతా అన్నయ్య కోసం భరిస్తున్నాడు. తనకు కత్తెర పట్టడం నేర్పిన అన్నయ్య ఆసుపత్రిలో ఉన్నాడు. రెండు రోజులు దాటడం కష్టమన్నారు డాక్టర్లు. ప్రాణం ఉండగా ఒక్కసారి చూడాలి.

నడుము పట్టేసి, లేచి వెనక్కి నడిచాడు. చిట్టచివరి వరుసలో కిటికీ పక్కన ఒకాయన ఉన్నాడు. మెడదాకా దుప్పటి, కళ్లకు నల్లటి గంత. మిగతా రెండు సీట్లూ ఖాళీ.

“అక్కడ వద్దు సార్,” ఎయిర్‌హోస్టెస్ పరుగున వచ్చింది.

“ఏం?”

“ఆయన... పడుకున్నారు.”

“పడుకుంటే మూడు సీట్లా? పల్లకీ అనుకున్నాడా?”

ఆమె నోరు తెరిచేలోగా విమానం కుదిపేసింది. బెల్టు గుర్తు వెలిగింది. ఆమె తన సీటుకు వెళ్లక తప్పలేదు. దర్జీ ఆయన పక్కనే చతికిలబడ్డాడు.

కుదుపులకు దుప్పటి జారింది. చొక్కా గుండీలన్నీ ఒక కాజా తప్పి ఉన్నాయి. చొక్కా తొడుక్కోవడం రానివాడికి కిటికీ సీటొకటి. చూస్తూ ఊరుకోవడం దర్జీకి చేతకాలేదు. ఒక్కొక్క గుండీ విప్పి సరైన కాజాలో పెట్టాడు. వేళ్లకు మెడ తగిలింది. చల్లగా... మరీ చల్లగా ఉంది. ఏసీని తిట్టుకున్నాడు.

“ఎక్కడిదాకా?”

గంత తీయకుండానే అడిగాడాయన. చాలా మెల్లగా.

“మా అన్నయ్య దగ్గరికి. ఆసుపత్రిలో ఉన్నాడు.”

“ఏ గది?”

విసుక్కుంటూనే చెప్పాడు. ఊళ్లో పెద్దాసుపత్రి, మూడో అంతస్తు, చివరి గది.

“నేను ముందు వెళ్తాను.”

దిగేటప్పుడు తోసుకునే రకమే, అనుకున్నాడు దర్జీ.

కుదుపులు ఆగాయి. ఎయిర్‌హోస్టెస్ టార్చితో వచ్చింది. వెలుగు గుండీల మీద పడి నిలిచిపోయింది.

“ఇవి... మీరు పెట్టారా?”

“ఎవరో ఒకరు పెట్టాలి కదమ్మా. గుడ్డివాడెవడో పెట్టినట్టున్నాయి.”

“నేనే పెట్టాను సార్.” ఆమె గొంతు తగ్గించింది. “మూడు గంటల కిందట ఆయన గుండె ఆగిపోయింది. చొక్కా విప్పి అరగంట ఛాతీ నొక్కాం. మళ్లీ గుండీలు పెట్టేటప్పుడు నా చేతులు వణికాయి. అందరికీ చెప్పలేం కదా... ఇలా కూర్చోబెడతాం.”

దర్జీ లేచాడు. తన చేతివేళ్లను తానే దూరంగా పట్టుకుని పాత సీటుకు వెళ్లాడు. మిగతా ఏడు గంటలూ ఆ ఇద్దరి మధ్యే కూర్చున్నాడు. రెండువైపులా మోచేతులు తగిలాయి. వెచ్చగా ఉన్నాయి. తీయమనలేదు.

విమానం ఆగగానే వదినకు ఫోన్ చేశాడు.

“ఉన్నాడు. మెలకువగానే ఉన్నాడు,” గుసగుసగా అంది వదిన. “నువ్వు పంపావేమో, ఎవరో ఒకాయన ఏడు గంటలుగా పక్కనే కూర్చున్నాడు. ఉలకడు, పలకడు.”

“నేనెవర్నీ పంపలేదు వదినా. ఆయన్ని బయటికి పంపించెయ్.”

అవతల మంచం కిర్రుమంది.

“ఎలా పంపను? మీ అన్నయ్య ఇప్పుడే పక్కకి జరిగి, మంచం మీద ఆయనకి చోటిచ్చాడు.”