కన్నియమ్మాళ్ దొరకలేదు

ముత్తియాల్‌పేటలో జగన్నాథన్ ఇంటి ముందుగది సంగతి తెలియనివాళ్లు ఆ వీధిలో లేరు. పగలు ఆ గదిలో పిల్లలు ఆడుకునేవాళ్లు, ఆడవాళ్లు కూర్చొని పూలు కట్టేవాళ్లు. దీపాలు పెట్టే వేళయిందా... ఇక ఒక్కరూ ఆ గడప దాటేవాళ్లు కాదు. పక్కింటి ముసలాయన అయితే ఆ కిటికీ వైపు రాకుండా చుట్టు తిరిగి పోయేవాడు.

కారణం — టక్... టక్... టక్...

ఆ గది జగన్నాథన్ తల్లి కన్నియమ్మాళ్‌ది. బతికినన్నాళ్లూ సాయంత్రమైతే కిటికీ పక్కన కూర్చొని చిన్న ఇనుప రోట్లో వక్కలు దంచుకునేది. ఆమె పోయి ఏడాదిన్నర. కానీ చీకటి పడ్డాక ఆ గదిలో కంప్యూటర్ వేస్తే చాలు — వక్కలు దంచే చప్పుడు! అది చాలదన్నట్టు నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాల్లో ఆమె పేరు.

‘కన్నియమ్మాళ్ దొరకలేదు’ అని.

రెండువేల ఏడు నవంబరులో, వానలు పట్టిన వారంలో జరిగిందట ఇది. ఇందిరా నగర్‌లో కంప్యూటర్లు బాగుచేసే లోగనాయకికి సాయంత్రం ఆరింటికి కబురొచ్చింది. తెల్లవారితే జగన్నాథన్ కూతురు ఆర్తి పెళ్లి. పెళ్లికూతురికి నలుగు పెట్టేటప్పుడు పాడే పాట ఒకటి ఆ ఇంట్లో నాలుగు తరాలుగా ఉంది. మొత్తం వచ్చింది కన్నియమ్మాళ్ ఒక్కదానికే. మిగిలినవాళ్లకు రెండు చరణాలు దాటితే మాట తడబడుతుంది. రాసుకుందామంటే అందరూ తమిళ బళ్లో చదివినవాళ్లే, ఇంట్లో ఎవరికీ తెలుగు రాయడం రాదు. అందుకే పటాలంలో ఉన్న మనవడు ముకుందన్, సెలవుల్లో వచ్చినప్పుడు ఆమెచేత పాడించి కంప్యూటర్లో దాచాడు. పెళ్లి పనుల్లో పడి పగలు దాన్ని తీసి పెట్టడం అందరూ మరిచారు. ఇప్పుడతను రైల్లో ఉన్నాడు. ఫోను అందడం లేదు.

“పాట ఆ పెట్టెలోనే ఉండాది పాపా,” అన్నాడు జగన్నాథన్, గడప ఇవతలే నిలబడి. “మాయమ్మ తియ్యనీకుండా ఉండాది.”

“దెయ్యాలు లేవు పెదనాయనా,” అంది లోగనాయకి.

అన్నదే గాని, ఆ గొంతు తనది కాదేమో అనిపించింది ఆమెకే.

ఒక్కతే లోపలికి పోయింది. బయట వాన. పెళ్లికి కట్టిన సీరియల్ బల్బుల వెలుగు కిటికీ లోంచి ఒకసారి ఎర్రగా, ఒకసారి పచ్చగా గోడ మీద పడుతోంది. స్విచ్ వేసింది. తెర మీద అక్షరాలు జరజరా పాకుతూ పోయాయి... ఆగాయి.

టక్.

చెయ్యి వెనక్కి లాక్కుంది.

టక్... టక్...

నిజంగానే వక్కలు దంచుతున్నట్టే ఉంది! తెర మీద ఆ పేరు. దాని కింద, బాగుచేయాలంటే పాస్‌వర్డ్ కొట్టమని ఒక వరస. లేచి పోదామా అనుకుంది. ఇంతలో తలుపు వెనక నుంచి ఎవరిదో గుసగుస —

“అక్కా... ఉండావా?”

పెళ్లికూతురు ఆర్తి.

“ఉండా,” అంది లోగనాయకి. అన్నాక పోవడం బాగుండదు కదా!

తెర అంచున ముకుందన్ అంటించిన చీటీలో పాస్‌వర్డ్ ఉంది. కొట్టింది. కంప్యూటర్ మేలుకునేటప్పుడు ఏ డిస్కును ఎక్కడ తగిలించుకోవాలో చెప్పే జాబితా ఒకటి ఉంటుంది. దాన్ని తెరిచి చూసింది. మొదటి వరస సరిగానే ఉంది. రెండో వరస చూసి, గట్టిగా నవ్వేసింది.

“ఏంది పాపా! ఏంది?” జగన్నాథన్ గడప మీదికి వంగాడు.

“ఇది డిస్కు పేరు పెదనాయనా! పాటలు దాచిన రెండో డిస్కుకు మీ ముకుందన్ అవ్వ పేరు పెట్టుకున్నాడు. మిషను ఆ పేరుతో వెతుకుతోంది. దొరక్కపోతే దొరకలేదని చెప్పి ఆగిపోతోంది.”

“మరి పగలు దొరకతా ఉండాదే? రాత్రి యాడికి పోతాది?”

మంచి ప్రశ్నే. లోగనాయకి మిషను ఆర్పి, ప్లగ్గు పీకి, పెట్టె విప్పింది. ఫ్యాను, సీడీ డ్రైవు, రెండో డిస్కు — మూడింటికీ కలిపి ఒకే సన్నటి తీగ. చీకటి పడితే వీధిలో లైట్లన్నీ వెలుగుతాయి, కరెంటు బలం తగ్గుతుంది. అప్పుడు డిస్కు తిరగబోతుంది, చాలక ఆగుతుంది, మళ్లీ తిరగబోతుంది. టక్... టక్... దంచేది అదే.

డిస్కుకు వేరే తీగ తగిలించింది.

“ఆ బల్బులు కూడా కాసేపు ఆర్పండి!”

గదంతా ఒక్కసారి చీకటైంది. స్విచ్ వేసింది. చప్పుడు లేదు. వాన ఒక్కటే... అక్షరాలు పాకాయి. ఈసారి ఆగలేదు.

“ఏమంటా ఉండాది?”

“కన్నియమ్మాళ్ శుభ్రంగా ఉందంట!” డిస్కును పరీక్షించి మిషను చూపిన మాటను ఉన్నదున్నట్టు చదివింది లోగనాయకి.

పాట దొరికింది. తెరిచింది. ముందు ఒక దగ్గు. తర్వాత, వయసు మీద పడినా తీగ తెగని గొంతు. “పసుపు నూరండమ్మా పడుచుల్లారా...” ఇల్లంతా వింటోంది. ఒక చరణం... రెండో చరణం...

అది అవుతూనే పాట ఠక్కున ఆగింది.

“ఎవురే అది, తలుపు యెనక?” అంది కన్నియమ్మాళ్.

లోగనాయకి తన చేతుల వైపు చూసుకుంది. తాను ఏమీ నొక్కలేదు!

“నిన్నే... లోపలికి రా.”

తలుపు కిర్రుమంది. చీకట్లోంచి పసుపు చీరలో ఆర్తి మెల్లగా లోపలికి వచ్చింది. కళ్లనిండా నీళ్లు. పెదాల మీద నవ్వు.

“ఈ పాట పాడించిన దినము నేను యీ తలుపు యెనకే ఉంటి అక్కా. అవ్వ ఇట్లే పిలిచింది. పెండ్లిపాట కదా... సిగ్గేసి రాలా.” కిటికీ పక్కన కూర్చుంది. “ఇదో, వస్తి అవ్వా.”

డిస్కులో కన్నియమ్మాళ్ గొంతు సవరించుకుంది.

“ఊఁ... యాడిదాకా పాడినా?”

అప్పుడు ఆ ఇంటి యజమాని జగన్నాథన్, అరవయ్యేళ్లవాడు, గడప దాటి లోపలికొచ్చి, చేతులు కట్టుకొని చిన్నపిల్లాడిలా జవాబిచ్చాడు.

“ఇంక మూడో చరణం అమ్మా!”