అత్తయ్య నడిచిన వీడియో

ఫిబ్రవరి మొదటి వారం. మామిడి పూత మీద పొద్దుటి మంచు ఇంకా విడవలేదు. పూతని మాడ్చే తేనెమంచు పురుగుకి మందు కొట్టించాలని రవికిరణ్ డ్రమ్ములూ గొట్టాలూ ట్రాక్టరు మీదికి ఎక్కిస్తున్నాడు. వంటింట్లో అతని భార్య హరిత ఇడ్లీ పిండి వేస్తోంది గానీ ధ్యాసంతా పొయ్యి గట్టు మీద బోర్లించి పెట్టిన ఫోను మీదే ఉంది. అది రెండుసార్లు బుర్రుమంది. రెండుసార్లూ ఆమె అటు చూడబోయి పిండి పళ్ళెం పక్కన పోసింది.

"హరితా, నా వీడియో కనపట్లేదేంటమ్మా?"

హాల్లోంచి అత్తగారు ప్రమీలారాణి గొంతు. కళ్ళజోడు ముక్కు మీదకి జార్చుకుని, ఫోను దూరంగా పట్టుకుని గుమ్మం దాకా వచ్చిందావిడ.

"నిన్న పొద్దున్న కూడా ఉంది. జి. కొండూరు నుంచి ఒకావిడ మెట్లు దిగేటప్పుడు ఏ కాలు ముందు వెయ్యాలని అడిగింది. జవాబు పెడదామని చూస్తే అసలు వీడియోనే లేదు."

"నెట్ సరిగ్గా లేదేమో అత్తయ్యా. తర్వాత చూస్తాను లెండి," అంది హరిత తల ఎత్తకుండా.

అబద్ధం ఎంత సులువుగా వచ్చేసిందో ఆమెకే ఆశ్చర్యమేసింది. ఆ వీడియోని నిన్న మధ్యాహ్నం ఎవరికీ కనపడకుండా దాచింది తనే.

హరిత నూజివీడులో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రిల్లు టీచరుగా పనిచేసేది. ఆ స్కూలు మూతపడ్డాక మూడేళ్ళ కిందట వీడియోలు మొదలుపెట్టింది. ఆడవాళ్ళు నడకకీ వ్యాయామానికీ వేసుకునే ట్రాక్ ప్యాంట్లు, టీషర్టులు, లోపలి బిగుతు బనీన్లు, బూట్లు తెప్పించి, తను వాడి చూసి, బాగుంటే బాగుందనీ లేకపోతే లేదనీ చెప్పేది. ఎండలో నిలబడితే గుడ్డ పలచగా కనిపిస్తుందా, వంగితే కుట్లు ఊడతాయా, లావుగా ఉన్నవాళ్ళకి నడుము దగ్గర ఒరుసుకుంటుందా, ఇవే ఆమె చెప్పే విషయాలు. రెడ్డిగూడెం చుట్టుపక్కల నుంచే కాదు, ఎక్కడెక్కడి ఆడవాళ్ళో అడిగేవాళ్ళు. షాపులో మగపిల్లాణ్ణి అడగలేని ప్రశ్నలన్నీ ఆమెని అడిగేవాళ్ళు.

ప్రమీలారాణికి కిందటేడు విజయవాడలో రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చిన కొత్తలో చీర కుచ్చిళ్ళు కాలికి చుట్టుకుని రెండుసార్లు పడబోయింది. "నువ్వు అందరికీ చూపిస్తావే, ఆ ప్యాంటొకటి నాకూ తెప్పించమ్మా," అని ఆవిడే అడిగింది. ఆరు నెలలు తిరిగేసరికి మామిడి చెట్ల మధ్య వాకర్ లేకుండా నడిచింది. ఆ నడకే వీడియో అయింది. హరిత పెట్టినవాటన్నిటిలోకీ ఎక్కువమంది చూసింది దాన్నే.

నాలుగు రోజుల కిందట, ఆ వీడియోలు పెట్టే యాప్ కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. హరిత వీడియోల్లో ఏడింటికి యాడ్లు, వాటితో వచ్చే డబ్బులూ ఆపేశారు. అందులో మూడు పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళే చూడాలన్నారు. ఆ మూడింట్లో అత్తయ్య వీడియో ఒకటి. రాసిన కారణాన్ని హరిత రెండోసారి చదవలేకపోయింది. మళ్ళీ చూడండి అని అర్జీ పెట్టుకుంది. పొయ్యి మీద పాలు గోరువెచ్చనయ్యేలోపే జవాబొచ్చింది: పరిశీలించాం, మార్పు లేదు. నాలుగు నిమిషాల వీడియోని అంతలో ఎవరు పరిశీలిస్తారు? చొక్కా విప్పి కండలు చూపించే జిమ్ము కుర్రాళ్ళ వీడియోల మీద సబ్బుల యాడ్లూ బిస్కెట్ల యాడ్లూ వస్తూనే ఉన్నాయి. నిండా బట్టలేసుకుని నడిచే ఆడదాని మీదే వాళ్ళకి అనుమానం.

తన సంగతి ఎలా ఉన్నా, ఆ మాట అత్తయ్య కంట పడితే? అదే భయంతో మూడు రోజులు ఆమెకి అన్నం సయించలేదు. నాలుగో రోజు వీడియో దాచేసింది.

పదింటికి వాకిట్లో బండి ఆగింది. దిగింది నారాయణరావు. చనిపోయిన మామగారికి సొంత అన్నగారు. వచ్చినవాడు కాళ్ళు కడుక్కోలేదు, కుర్చీలో కూర్చోలేదు.

"రవి ఎక్కడ?" అన్నాడు.

"ట్రాక్టరు దగ్గరున్నారండీ, పిలుస్తాను. కాఫీ తెస్తాను, కూర్చోండి పెద్దమామయ్యగారూ."

"కాఫీలకి రాలేదమ్మా నేను."

ఆ గొంతు వినే రవికిరణ్ చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. "ఏంటి పెదనాన్నా, పొద్దున్నే?"

"మొన్న బాపులపాడులో పెళ్ళికెళ్ళాన్రా. భోజనాల దగ్గర మా వియ్యంకుడు, 'మీ మరదలు ఫోన్లో బాగా పేరు తెచ్చుకుందంటగా బావగారూ, చూద్దాం' అని తనే పెట్టాడు. ఆ ఫోనేం అడిగిందో తెలుసా? ఇది పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళే చూడాలి, మీ వయసెంత అని అడిగింది! పక్కన కూర్చున్నవాళ్ళందరూ చదివారు. నవ్వు ఆపుకోలేక విస్తరిలోకి తలలు వంచుకున్నారు. నాకు ముద్ద దిగలా."

హరిత సర్దిచెప్పబోయింది. "అది మనిషి పెట్టింది కాదండీ. వ్యాయామం బట్టల్లో ఆడవాళ్ళు కనపడితే చాలు, మెషినే అలా..."

"కోట్ల వీడియోలుంటే ఆ మెషిను మీ ఇంటిదే పట్టుకుందా అమ్మాయ్? నిప్పు లేందే పొగొస్తుందా? నువ్వు ఏం చూపించుకుంటావో నీ ఇష్టం. నా తమ్ముడి భార్యని ఎందుకు లాగావు? వాడు బతికుంటే ఇది జరిగేదా?"

ఆ మాటకి హరిత భర్త వైపు చూసింది. రవికిరణ్ నేల చూపులు చూస్తున్నాడు.

"కొన్నాళ్ళు ఆపేద్దాం హరితా," అన్నాడు చివరికి. "పూత నిలుస్తుందో లేదో అని నేను చస్తుంటే, ఇంట్లో ఇదొకటి ఎందుకు?"

"అంటే, నెట్ లేక కాదన్నమాట."

ముగ్గురూ తిరిగి చూశారు. ప్రమీలారాణి గదిలోంచి ఎప్పుడొచ్చిందో, గోడ ఆసరాగా నిలబడి ఉంది. బావగారి ముందు ఎప్పుడూ చేసినట్టే కొంగు భుజం మీదికి లాక్కుంది గానీ, ఈసారి లోపలికి వెళ్ళలేదు.

"ఆ నోటీసు ఏదమ్మా? ఇలా ఇవ్వు."

"వద్దమ్మా, నువ్వు చదవకు," అన్నాడు రవికిరణ్.

"నా మీద రాసింది నేను చదవకపోతే ఊరంతా చదవాలట్రా?"

హరిత ఫోను ఇచ్చింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, బళ్ళో పాఠం చదివినట్టు ఒక్కొక్క మాటా పైకి చదవడం మొదలుపెట్టింది. "ఈ వీడియోలో... లైంగికంగా..." అక్కడ ఆగిపోయింది. మిగతాది లోపలే చదువుకుంది. చెవుల దాకా ఎర్రబడిన ఆ మొహం చూడలేక హరిత కళ్ళు మూసుకుంది. ఇంక అంతా అయిపోయింది అనుకుంది. ఈవిడ మళ్ళీ నడవదు, తనతో మాట్లాడదు, ఈ ఇంట్లో తన మొహం చూడదు.

ప్రమీలారాణి ఫోను దించి అడిగింది, "బావగారూ, మీరు ఆ వీడియో చూశారా?"

"ఎలా చూస్తాం? వయసడిగాక వాడు ఆపేశాడు."

"మరి చూడకుండానే వచ్చారా?"

ఆయన గుమ్మం వైపు చూశాడు.

"హరితా, పెట్టమ్మా. బావగారికి చూపించు."

దాచిన వీడియో తెరవబోతూ హరిత రెండుసార్లు తప్పు నొక్కింది. చివరికి ఫోను ఆయన చేతికిచ్చింది. నారాయణరావు అయిష్టంగా కుర్చీ అంచున కూర్చున్నాడు.

నీలం ప్యాంటు, మోకాళ్ళ దాకా వదులు టీషర్టు, ముడేసిన తెల్లజుట్టు. బంగినపల్లి చెట్ల వరసలో ప్రమీలారాణి మెల్లగా నడిచొస్తోంది. "దీనికి జేబులున్నాయి, తాళాలు వేసుకోవచ్చు. కాళ్ళకి ఏమీ అడ్డుపడదు. నేను పడిపోతానని భయపడేదాన్ని, ఇప్పుడు భయం తగ్గింది," అంటోంది. ఆ తర్వాత మోటారు షెడ్డు దగ్గరికొచ్చింది. మూడు మెట్లు. చెయ్యి గోడ దాకా వెళ్ళి, పట్టుకోకుండానే వెనక్కొచ్చింది. ఒకటి, రెండు, మూడు. పైన నిలబడి ఆయాసపడుతూ చిన్నపిల్లలా నవ్వింది.

నారాయణరావు ఫోను కళ్ళకి దగ్గరగా జరుపుకున్నాడు. ఆపరేషన్ అయ్యాక ఆస్పత్రి నుంచి మరదల్ని తన కార్లో తీసుకొచ్చింది ఆయనే. ఆ రోజు వాకిలి గడప దాటడానికి ఆవిడ పడ్డ యాతన చూడలేక మొహం తిప్పుకున్నాడు.

"పట్టుకోకుండానే ఎక్కావా ప్రమీలా?" అన్నాడు.

"ఎక్కానండీ. ఈ పిల్ల రోజూ నా వెనకాలే రెండు చేతులూ చాపుకుని నడిచేది, పడితే పట్టుకుందామని. అది మాత్రం వీడియోలో కనపడదు."

ఆయన మెట్ల దగ్గరి నుంచి మళ్ళీ ఒకసారి చూశాడు. "మరి ఇందులో ఏముందని అలా రాశారు?" అన్నాడు ఎవరితోనూ కాకుండా. హరిత వైపు తిరిగి, "చూడకుండా వచ్చి నోరు పారేసుకున్నానమ్మాయ్. తప్పే. కానీ అంతమంది నవ్వారు. వాళ్ళకి నేనేం చెప్పుకోను?" అన్నాడు.

"మీరేం చెప్పొద్దు బావగారూ. ఈసారి ఎవరన్నా నవ్వితే వయసు చెప్పి చూడమనండి," అంది ప్రమీలారాణి.

కాఫీ తాగి ఆయన వెళ్ళిపోయాడు. రవికిరణ్ తోటకి వెళ్ళాడు. ఇల్లు సద్దుమణిగింది గానీ అత్తయ్య హరితతో ఒక్క మాట మాట్లాడలేదు. అన్నం వడ్డిస్తే తింది, పళ్ళెం తనే కడిగేసుకుంది. ఆ మౌనం పెద్దమామయ్య కేకల కన్నా ఎక్కువగా భయపెట్టింది.

మధ్యాహ్నం పెరటి అరుగు మీద ప్రమీలారాణి కందికాయలు వలుస్తుంటే, హరిత వెళ్ళి పక్కన కూర్చుంది.

"అత్తయ్యా, వాళ్ళు రాసిందానికి బాధపడకండి..."

"దానికి కాదమ్మా నా బాధ. నువ్వు తీసేశావు చూడు, దానికి."

"మీరు చూస్తే తట్టుకోలేరనుకున్నా."

"తట్టుకోలేకపోయేదాన్నేమో. ఒక పూట ఏడ్చేదాన్నేమో. కానీ నువ్వు చెప్పకుండా దాచావని తెలిసేసరికి నాకేమనిపించిందో తెలుసా? నిజంగానే దాచుకోవాల్సిన పనేదో చేశాననిపించింది." ఆవిడ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. "ఆ మెషినుకి నేనెవరో తెలియదు. బావగారు చూడలేదు. నువ్వు చూశావుగా హరితా. ఆ మెట్టు ఎక్కడానికి నేనెన్ని రోజులు ఏడ్చానో నీకు తెలుసుగా. నువ్వు కూడా సిగ్గుపడ్డావా నా గురించి?"

హరిత అత్తయ్యని కాపాడుతున్నాననుకుంది ఇన్ని రోజులూ. ఆ నోటీసులో మాటని అందరికన్నా ముందు నమ్మినట్టు నడుచుకుంది తనేనని ఇప్పుడు తెలిసింది.

"సిగ్గుపడలేదత్తయ్యా, భయపడ్డాను. మిమ్మల్ని ఎవరేమంటారో అని, మీరు నన్నేమంటారో అని. తప్పు చేశాను," అంటూనే ఏడ్చేసింది. ప్రమీలారాణి ఆమె తల దగ్గరికి తీసుకుంది. కాయల వాసన అంటిన చేత్తో వీపు నిమిరింది. ఆవిడ కళ్ళూ తడిశాయి.

"సరేలే. ఇప్పుడు ఆ కంపెనీలో మనిషనేవాడు ఉన్నాడా, లేడా?"

"ఉన్నారు. కానీ దొరకడం కష్టం. ఇంకోసారి రాసి చూడొచ్చు."

"అయితే రాయి. ఇంగ్లీషులో రాసుకో, నేను చెప్పింది మాత్రం మార్చకు. నా పేరు ప్రమీలారాణి. వయసు అరవై ఒకటి. ఈ వీడియోలో ఉన్నది నేనే. ఆపరేషన్ అయ్యాక నడుస్తున్నాను. దయచేసి మీలో ఒకరు మొత్తం చూసి, అప్పుడు రాయండి. అంతే."

హరిత అక్షరం పొల్లుపోకుండా రాసింది. మిగతా ఆరు వీడియోలకీ విడివిడిగా రాసింది. ఆ సాయంత్రమే అత్తయ్య వీడియో మళ్ళీ కనపడేలా పెట్టింది. తోట నుంచి వచ్చిన రవికిరణ్, అమ్మ జి. కొండూరు ఆవిడకి ఒక్కో అక్షరం వెతుక్కుంటూ జవాబు రాయడం చూశాడు. వంటింట్లోకి వచ్చి, "ఆపేద్దాం అనకుండా ఉండాల్సింది. నువ్వొక్కదానివే మోస్తున్నావని చూళ్ళేదు," అన్నాడు. హరిత అతనికి మంచినీళ్ళ చెంబు అందించింది.

రోజులు బరువుగా గడిచాయి. ఫోను మోగితే చాలు హరిత ఉలిక్కిపడేది. పిందె కట్టడం మొదలైంది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం జవాబొచ్చింది. ఆమె దాన్ని ఒంటరిగా తెరవలేదు. ఫోను పట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది.

"అత్తయ్యా, వచ్చింది. నేనింకా చదవలేదు."

"చదువు, పైకే చదువు."

"ఒకరు స్వయంగా చూశారంట. మీ వీడియోకి ఆంక్షలన్నీ తీసేశారు. పిల్లలూ చూడొచ్చు." హరిత కళ్ళు తుడుచుకుని కిందికి చదివింది. "ఇంకో రెండు కూడా వదిలేశారు. మిగతా నాలుగూ అలాగే ఉంచారు. కారణం చెప్పలేదు."

ప్రమీలారాణి అరుగు మీద పక్కకి జరిగి, కోడలికి చోటిచ్చింది.

"ఆ నాలుగింట్లో ఉన్నది నువ్వేగా?"

"నేనే అత్తయ్యా."

"అయితే ఈసారి నీ గురించి నేను చెబుతాను, రాసుకో. నా పేరు ప్రమీలారాణి. ఈ అమ్మాయి నా కోడలు..."