మాధవస్వామి తాగిన గ్లాసు

మూడో గ్లాసు పెదవికి తగలగానే తెర మీద పచ్చగీత నిటారుగా లేచింది.

కుర్చీలో కూర్చున్నావిడ పేరు మంగతాయారు. ఆమె చెవి కింద రూపాయి బిళ్ళంత సెన్సర్ అంటించి ఉంది. ముందు ఐదు గ్లాసులు. వేటి మీదా పేరు లేదు. అద్దానికి ఇవతల నిలబడ్డ ఆమె భర్త సన్యాసిరావుకి మాత్రం ఏ గ్లాసులో ఏముందో తెలుసు.

"అది తేటే కదూ?" అన్నాడు.

"అవును సార్," అంది డాక్టర్ సువర్చల.

"మనదో?"

"రెండోది. గీత అందులో సగం కూడా లేవలేదు."

సన్యాసిరావు 'మెరుపు' కూల్‌డ్రింక్ కంపెనీ యజమాని. ముప్ఫై ఏళ్ళుగా ఆయన ఇంటి ఫ్రిజ్‌లో మెరుపు తప్ప మరోటి అడుగుపెట్టలేదు. అటువంటి ఇంటి ఇల్లాలి నాలుక శత్రు కంపెనీ 'తేట' పక్షాన ఉందని ఆ ఉదయం తేలింది.

మంగతాయారు బయటికొచ్చి, "ఏది బాగుందని వచ్చిందండీ?" అని అడిగింది.

"మనదే," అన్నాడు ఆవిడ మొహంకేసి చూడకుండా.

విశాఖపట్నంలో ఏడాదికి ఎనిమిది నెలలు మండుటెండలు కాసే రోజులవి. ప్లాస్టిక్ సీసాలు ఏనాడో పోయాయి. ప్రతి మెట్రో స్టేషన్లోనూ పక్కపక్కన రెండు బూత్‌లుండేవి. ఒకటి మెరుపుది, రెండోది తేటది. ఎవరి గ్లాసు వాళ్ళు తెచ్చుకుని పట్టుకోవడమే. మద్దిలపాలెంలో సన్యాసిరావు ఆఫీసు కిటికీలోంచి చూస్తే స్టేషన్ కనబడేది. తేట ముందు పదిహేనుమంది ఉంటే, మెరుపు ముందు నలుగురుండేవారు. చూడకూడదనుకుంటూనే రోజుకి పదిసార్లు చూసేవాడు. చూసినప్పుడల్లా గుండెల్లో నిప్పు పడ్డట్టుండేది.

తేట యజమాని మాధవస్వామి పరాయివాడైతే అంత మంట ఉండేది కాదేమో. కుర్రతనంలో ఇద్దరూ గాజువాకలో ఒకే గోలీసోడా యూనిట్‌లో పనిచేశారు. సన్యాసిరావు గ్యాసు పట్టేవాడు, మాధవస్వామి సీసాలు కడిగేవాడు. తర్వాత సన్యాసిరావు పుస్తకాలు చదివాడు, పులుపులూ తీపులూ తూకం వేసి నేర్చుకున్నాడు. మాధవస్వామి ఏమీ చదవలేదు. ఒకనాడు ఏదో తోచి సోడాలో మామిడల్లం రసం, చిటికెడు ఉప్పు పడేశాడు. అది తేట అయింది. చదువుకున్నవాడు నలుగురి దగ్గర ఆగిపోతే, చేతికొచ్చింది పడేసినవాడు పదిహేనుమందిని లాక్కున్నాడు. అది సన్యాసిరావుకి కొరుకుడు పడలేదు.

అందుకే సువర్చలను పిలిపించి లాబ్ కట్టించాడు. ఆమె చేసిన యంత్రం పేరు రుచిమాపకం. నాలుక మీద పడిన ప్రతి చుక్కా నరాల వెంట మెదడుకి కబురు పంపుతుంది. చెవి కింది సెన్సర్ ఆ కబురుని చర్మం పైనుంచే విని గీతగా చూపిస్తుంది. కావాలనిపిస్తే గీత లేస్తుంది. కోరిక తీరితే దిగి, నిలకడగా సాగుతుంది. మనిషి మొహమాటానికి బాగుందంటాడు గాని, నరానికి మొహమాటం ఉండదు.

"ఇక్కడ చూడండి సార్," అంది సువర్చల. "తేటకి గీత బాగా లేస్తుంది. కానీ గ్లాసు ఖాళీ అయ్యాక కూడా పూర్తిగా దిగదు."

సన్యాసిరావు కళ్ళు మెరిశాయి. "అంటే దాంట్లో లోపం ఉందన్నమాట! ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ కనిపెట్టలేదు. మనం పూర్తిగా దిగేలా చెయ్యాలి."

"చెయ్యొచ్చు. ప్రతి బూత్‌లో ఈ యంత్రం పెడితే, తాగే మనిషి చెవి కింద సెన్సర్ ఆనించి, గీతను చూస్తూ గుక్క గుక్కకీ పులుపూ ఉప్పూ చల్లదనం మార్చి కలుపుతుంది. కానీ గీత పూర్తిగా దిగితే ఏమవుతుందో ముందు..."

"వాడి దానికన్నా బాగుంటుందా, ఉండదా?"

"ఉంటుంది."

"అయితే ఇంకేం చెప్పకండి."

ఏప్రిల్‌లో కొత్త మెరుపు వచ్చింది. మొదటి రోజున మద్దిలపాలెం వరస స్టేషన్ మెట్లు దిగి రోడ్డెక్కింది. తాగినవాళ్ళు మాటాడకుండా ఓ క్షణం నిలబడిపోయేవారు. ఒక ఆటో డ్రైవరు ఖాళీ గ్లాసు గుండెలకానించుకుని, "అమ్మయ్య!" అన్నాడు. తేట బూత్ దగ్గర ఈగలు తప్ప ఎవరూ లేరు. సన్యాసిరావు కిటికీ దగ్గరికి కుర్చీ జరుపుకుని, భోజనం అక్కడే చేశాడు.

మూడో వారానికి వరస పలచబడింది. ఒక గ్లాసు తాగినవాడు రెండోది అడగడం లేదు. మర్నాటి దాకా అటు రావడమే లేదు. అవతల తేట దగ్గర, తాగినవాళ్ళే మళ్ళీ వెనక్కెళ్ళి వరసలో నిలబడుతున్నారు.

"నేను చెప్పబోయింది ఇదే సార్," అంది సువర్చల. "తేట దాహాన్ని కాస్త మిగులుస్తుంది. ఆ మిగిలిందే వాళ్ళ వ్యాపారం. మనం మిగల్చకుండా తీర్చేశాం."

"వాడు తెలిసే చేశాడంటారా?"

"తెలియదనుకుంటాను. చెయ్యి అలా పడింది."

ఆ మాటే సన్యాసిరావుని ఎక్కువ కాల్చింది. సరిగ్గా ఆ వారంలోనే మాధవస్వామి ఫోన్ చేశాడు. "ఒరే సన్యాసీ, భీమిలి రా. నీతో మాటాడాలి." ఎగతాళి చెయ్యడానికే పిలుస్తున్నాడనుకుని, చెప్పాల్సిన జవాబులన్నీ దారిలో తయారుచేసుకుంటూ వెళ్ళాడు.

మాధవస్వామి సముద్రం ఒడ్డున చిన్న పెంకుటింటి అరుగు మీద, లుంగీ పైకి కట్టుకుని వల బాగుచేసుకుంటున్నాడు.

"కూర్చోరా. నీ కొత్త సరుకు తాగాను."

"నన్ను చూసి నవ్వడానికి పిలిచావా?"

"వినరా బాబూ. కాపీ కొడదామనే మొహానికి గుడ్డ కట్టుకుని వెళ్ళాను. తాగాను. తాగి, అరగంట బెంచీ మీద కూర్చుండిపోయాను. నాకింకేమీ అక్కర్లేదనిపించింది. అంతలో మా వరసలో జనాన్ని చూశాను. చంకలో పిల్లతో ఓ తల్లి మూడోసారి నిలబడుంది. ముప్ఫై ఏళ్ళుగా వీళ్ళకి నేను దాహమే అమ్మానురా అనిపించింది. సిగ్గేసింది."

మాధవస్వామి వల పక్కకి నెట్టాడు.

"అటువంటిది నేను చెయ్యలేను. నువ్వు చేశావు. చదువంటే నీది. కంపెనీ మా పనివాళ్ళకే రాసిచ్చేశాను, నీ దగ్గర ఆ యంత్రం నేర్చుకోమన్నాను. కాదనకు. ఓడిపోతే ఇంత హాయిగా ఉంటుందని తెలిస్తే ఎప్పుడో ఓడిపోయేవాణ్ణి."

ముప్ఫై ఏళ్ళుగా వినాలనుకున్న మాట అది. సన్యాసిరావు చెవులారా విన్నాడు. తయారుచేసుకున్న జవాబుల్లో ఒక్కటీ పనికిరాలేదు. మాధవస్వామి చేపల పులుసు పెట్టాడు, తిన్నాక అరుగు మీదే చెయ్యి తలకింద పెట్టుకుని, మాట మధ్యలో నిద్రపోయాడు. అతని మొహంలో ఒక్క ముడత కూడా బిగిసి లేదు. సన్యాసిరావు ఆ మొహం వంకే చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. గెలిచినవాడు తను. మరి నిద్ర వాడికెలా పట్టింది?

తిన్నగా లాబ్‌కి వచ్చి, కుర్చీలో కూర్చుని, చెవి కింద సెన్సర్ తనే అంటించుకున్నాడు.

"ఊళ్ళో అందరికీ పోస్తున్నాం. నాకు పొయ్యండి," అన్నాడు.

యంత్రం కలిపింది. గీత లేచింది, దిగలేదు. సువర్చల పులుపు తగ్గించింది, ఉప్పు పెంచింది, చల్లదనం మార్చింది. సాయంత్రానికి పంతొమ్మిది గ్లాసులయ్యాయి. అంతమందిని శాంతింపజేసిన యంత్రం ఒక్క మనిషి దగ్గర తడబడుతోంది.

ఆమె తెర వంక చూసి, ఆయన వంక చూసి, మెల్లగా అడిగింది. "సార్, తాగేటప్పుడు దేన్ని గురించి ఆలోచిస్తున్నారు?"

సన్యాసిరావు ఇరవయ్యో గ్లాసు అందుకుంటూ, అబద్ధం చెప్పే ఓపిక లేక, నిజం చెప్పాడు.

"వాడు ఇంకా నిద్రపోతూనే ఉన్నాడా అని."