గీత దాటిన నీళ్లు

"బండ మాట్లాడతాదా?" అని అడిగింది కృపమణి.

సుత్తితో బేతంచెర్ల బండ మూలలు తడుతున్న లేవి చెయ్యి ఆగింది.

"మాట్లాడతాది. ఖంగుమంటే మంచిది. డొల్లగా పలికితే లోపల బీట ఉండాదని."

"ఇప్పుడేమనింది?"

"నువ్వు మాట్లాడతాంటే దాని మాట యాడ ఇనపడతాది?"

ఆమె నవ్వింది. లేవి బెజ్జం వేసే బర్మా అందుకున్నాడు.

ఆ బండ చేపల తొట్టి అడుగుకు. తొట్టిని ఒక దొరసాని ఓడెక్కి సీమకు పోతూ కృపమణి నాయన, డ్రాయింగు అయ్యవారు దావీదురాజుకు ఇచ్చిపోయింది. ఇనుప చట్రం, నాలుగు అద్దాలు, అడుగున బండ. కర్నూలు రాజధాని అయ్యాక ఆయన ముందుగది ఒక గుమాస్తాకు అద్దెకిచ్చాడు. తొట్టికి చోటు లేక గోడలో గూడు కట్టించాడు. పాత బండకు బెజ్జం నడిమధ్య ఉంది. గోడలో పెడితే నీళ్లు వదిలే గొట్టం వెనక్కి రావాలి. అందుకే వెనక మూలన బెజ్జం ఉండే కొత్త బండ.

లేవి బెజ్జం వేశాడు, లప్పం పెట్టి బిగించాడు. అది ఆరాక, గురువారం నాడు నీళ్లు పోసి చేపలు వదిలారు. అయ్యవారు కుంచెతో అద్దం మీద నీటిమట్టానికి ఎర్ర గీత గీశాడు.

"ఆదివారం ఆరాధన అయినాక రాప్పా. నీళ్లు ఈ గీతకాడే ఉంటే, మీ అమ్మ పిల్లనడిగిన దానికి జవాబు చెప్తా."

ఊరికి తిరిగి పోతూ రైల్లో లేవికి గుర్తొచ్చింది. తట్టింది మూడు మూలలే. బెజ్జం వేసింది నాలుగో మూలన.

ఇంటికి పోయి, ఆ మూల పక్కనుంచే కోసిన ముక్కను వెతికి తట్టాడు. డొల్ల. నీళ్లు చల్లాడు. ముక్కంతా ఆరినా వెంట్రుకంత గీత మాత్రం తడిగానే ఉంది.



ఆదివారం అయ్యవారి ఇంటి గడపలో కృపమణి ఎదురైంది. చీర అంచు తడిసి ఉంది.

లోపల అయ్యవారు తొట్టి ఎదుట కూర్చుని ఉన్నాడు. చేపలు తిరుగుతున్నాయి. నీళ్లు ఎర్ర గీతకు వేలెడు పైన ఉన్నాయి.

"బాగుండాది గదా, నాయనా," అంది కృపమణి. తండ్రి వెనక నుంచి లేవికి తల అడ్డంగా ఊపింది.

లేవి గోడ వెనక్కి పోయి చూశాడు. గొట్టం కింద తడి, పక్కన ఖాళీ బిందె.

తిరిగొచ్చి నిలబడ్డాడు. "అయ్యవారూ, బండలో బీట ఉండాది. నాలుగో మూల తట్టలేదు. మార్చిస్తా. జవాబు ఏదైనా సరే, మార్చిస్తా."

"ఎందుకు తట్టలేదు?"

లేవి కళ్లు కృపమణి మీదికి పోయాయి. కృపమణి చేపలను చూసింది.

"శానా తొట్లు చూసినా," అన్నాడు అయ్యవారు. "నీళ్లు దిగేది చూసినా గాని, పైకెక్కేది ఇదే మొదలు. ఏం పాపా?"

"రైలొచ్చే టైమయిందని కంగారులో పోసినా, నాయనా."

"మూడు దినాలుగా మోస్తాండావా?"

ఆమె తడిసిన చీర అంచు వెనక్కి లాక్కుంది.

ఆయన కళ్లద్దాలు తీసి తుడిచాడు.

"ఈ పిల్లకు కప్పిపెట్టడం తెలుసు. పక్కన నిజం చెప్పేవాడు ఒకడుండల్ల. పొయ్యి మీ అమ్మను పిలుచుకుని రా."

"బండ, అయ్యవారూ?"

"అదీ తేప్పా. చేపలేం పాపం చేసినాయి?"

వారం తిరక్కుండా కొత్త బండ వచ్చింది. లేవి మూడు మూలలు తట్టి, సుత్తి కృపమణి చేతికిచ్చాడు. ఆమె నాలుగోది తట్టింది.

ఇద్దరూ మాట్లాడకుండా విన్నారు. ఖంగుమంది.