నలుపు మీద నలుపు

"వద్దంటే వద్దు! ఈ శుక్రవారంతో సరి! ఇంక ఆ కొట్టు గడప నేను తొక్కను!"

అన్నం గిన్నె ఠప్పున కింద పెట్టి మాబున్ని అన్న మాటకు ముగ్గురి చేతులూ కంచాల్లోనే ఆగిపోయాయి. భర్త మునాఫ్ తలెత్తలేదు. మరిది సిరాజ్ బిత్తరపోయి అన్న ముఖం చూశాడు. సిరాజ్ భార్య ఫర్హత్ మాత్రం చప్పున మునాఫ్ వైపు చూసి, ఆ చూసిన సంగతి ఎవరి కంటా పడకూడదన్నట్టు వెంటనే తల దించుకుంది. ఆ చూపును మాబున్ని చూడనే చూసింది!

"ఇప్పుడేమయిందని?" అన్నాడు మునాఫ్ నెమ్మదిగా.

"ఏమయిందో నన్నడుగుతాండావా? మీకు తెల్దా! కొట్టు తన పేర పెట్టుకున్న ఆ అరబ్బు కఫీల్‌తో చెప్పి లైసెన్సు ఖలాస్ చేయించు. నేను రాయచోటికి పోతా. ఆ పైన మీ ఇష్టమొచ్చినట్ల మీరు బతకండి!"

"వదినా, తిండి కాడ ఇవేం మాటలు..." అని సిరాజ్ ఏదో సర్దబోయాడు గానీ, మాబున్ని అప్పటికే లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. తలుపవతల కంచాలు తీసిన చప్పుడు. ఆ తర్వాత గుసగుసలు! మళ్ళీ అవే గుసగుసలు!

అరబ్బు దేశపు ఫర్వానియాలో మెట్ల పక్కన ఇరుకుగా ఉండే ఆ ఎంబ్రాయిడరీ కొట్టు మాబున్నికి ఉత్తి కొట్టు కాదు. పరుపులు, బొంతలు కుట్టుకుని బతికే నూర్‌బాషా ఇంట్లో పుట్టిన పిల్ల ఆమె. సూది పట్టడం నేర్చుకోలేదు, సూదితోనే పెరిగింది. అరబ్బు ఇంట్లో పనిమనిషిగా వచ్చి, మామా అని పిలిచే ఆ ఇంటి యజమానురాలి కూతురి గౌను మీద ఒకసారి పువ్వు కుడితే, ఆ మామా మెచ్చి మిషన్ కొనిచ్చింది. మునాఫ్‌కు డ్రైవరు పని పోయి గోడకేసి చూస్తూ కూర్చున్న రోజుల్లో ఇల్లు గడిపింది ఆ మిషనే. మరిదికి వీసా తెచ్చింది ఆ మిషనే. తల్లి లేని ఫర్హత్‌ను ఏరికోరి తోడికోడలుగా తెచ్చుకుని, పక్కన కూర్చోబెట్టుకుని, మోకాలితో మీట నొక్కుతూ రెక్కను సన్నంగా ఎట్లా మొదలుపెట్టాలో, మధ్యలో ఎట్లా వెడల్పు చెయ్యాలో నేర్పింది కూడా ఆమే. పిల్లలు లేని మాబున్నికి ఆ పిల్ల చెల్లెలు, కూతురు అన్నీ అయింది. అలాంటిది తిన్నింటి వాసాలు లెక్కపెడుతుందని కలలోనైనా అనుకుంటుందా...

అనుమానం పెనుభూతం అంటారు. ఒకసారి ఇంట్లో అడుగుపెడితే పొయ్యి దగ్గర నుంచి పడక దాకా అంతా దాని రాజ్యమే. మొదట దారంతో మొదలైంది. రంగుల పని ఏ తకరారూ లేకుండా సాగుతున్నా, అరబ్బు ఆడవాళ్ళు పైన తొడుక్కునే నల్ల అబాయా మీద నల్లదారంతో కుట్టే పని వచ్చేసరికి చిరాకు పుట్టేది. గీసిన తెల్ల గీత కనిపించేది గానీ, దాని మీద పడిన కుట్టు కనబడి చచ్చేది కాదు. వెనకటి దారంలో ఉండే మెరుపు దీంట్లో లేదు! మునాఫ్ కావాలనే నాసిరకం తెస్తున్నాడని మాబున్నికి తోచింది. ట్యూబులైటు మార్చమంటే, "మొన్ననే గదా మార్చింది" అన్నాడు. తను విసిగిపోయి పని మానుకోవాలని కాకపోతే ఇదంతా ఎందుకు?

ఆ తర్వాత ఫర్హత్ ఒక అబాయా పాడు చేసింది. కొన్నావిడ కొట్లోకి వచ్చి దాన్ని బల్ల మీదికి విసిరికొట్టి నానా మాటలూ అంది. "నేనే కుట్టినా మామా, తప్పయిపాయ" అని ఫర్హత్ చేతులు కట్టుకుని నిలబడింది. అందరి ముందూ మాబున్ని కూడా నాలుగు అంటించింది. ఆ రోజు నుంచే ఆ పిల్ల బావతో గుసగుసలు మొదలుపెట్టింది. మాబున్ని వస్తే మాట ఆగిపోవడం... మాబున్ని కుట్టిన అబాయాలను ఇస్త్రీకని మునాఫ్ బండిలో పట్టుకుపోవడం... ఆ పూటే ఫర్హత్‌కు ఎక్కడో పని పడటం!

పక్క ఫ్లాటు హమీదా బీ ఆ మంట మీద కిరసనాయిలు పోసింది. "నిన్న అర్దియాకు పోయింటి మాబున్నీ. మనూరి టైలరు అంగడి లేదూ? మీ ఫర్హత్ ఆడ మిషన్ ముందర కూచోనుంది. బయట మీ ఆయన బండి నిలబడింది. కొత్త కొట్టు పెడ్తాండారా ఏంది?" అంది, ఏమీ ఎరగనట్టు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని. చెప్పేది చెప్పి ఆవిడ చల్లగా ఇంటికి పోయింది. మాబున్నికి మాత్రం ఆ రోజు అన్నం సయించలేదు.

శుక్రవారం అన్నం దగ్గర ఆ గొడవ అయ్యాక రెండు రోజులు ఆమె ఇంట్లోనే ఉండిపోయింది. మూడో రోజు పొద్దున ఫర్హత్ సంచి భుజాన వేసుకుని బావ బండెక్కడం కిటికీలోంచి చూసింది. ఇక ఆగలేకపోయింది! బురఖా తగిలించుకుని అర్దియా బస్సెక్కింది. దారి పొడుగునా ఒకటే ప్రార్థన. 'యా అల్లా, ఆ హమీదా బీ అన్నది అబద్ధం చెయ్యి... నా కళ్ళతో అది చూడనియ్యొద్దు!'

అద్దాల తలుపు అవతల ఫర్హత్ వెలుతురు కేసి కూర్చుని ఉంది. ఒళ్ళో నల్ల అబాయా. అది మాబున్ని మొన్న కుట్టిందే! ఆ పిల్ల చేతిలో బ్లేడు. పువ్వు వెనక నుంచి ఒక్కొక్క కుట్టూ తెంపి దారం లాగి పారేస్తోంది. మాబున్నికి తన ఒంటి మీద చర్మం లాగుతున్నట్టనిపించింది. తలుపు తోసుకుని లోపల పడింది.

"ఓసి పాపిష్టిదానా! నన్ను చంపినా ఓర్చుకుందునే... నా పని ఏం పాపం చేసిందే! నా పేరు చెడగొట్టి, నన్ను ఊరికి తరిమి, నా కొట్టూ కావాల, నా మొగుడూ కావాల్నా నీకు!"

టీ కప్పులతో లోపలికొస్తున్న మునాఫ్ గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు. "మాబున్నీ! నోరు..." అని అరిచాడు. ఫర్హత్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.  అయినా లేచి బావకు అడ్డం వచ్చింది.

"వద్దు బావా. ఇంక దాస్తే పాపం. నేనే చెప్తా."

ఆ పిల్ల వచ్చి మాబున్ని చెయ్యి పట్టుకుంది. మాబున్ని విదిలించింది. మళ్ళీ పట్టుకుని, ఇంకా విప్పని పువ్వు మీద ఆమె వేలు పెట్టించింది.

"కండ్లు మూసుకోని తడుముక్కా."

మాబున్ని వేలు కదిలింది. రెక్క మొదలు బాగానే ఉంది. తర్వాత కుట్టు గీత దాటి పక్కకు ఒరిగింది. ఒకచోట ముద్దలా గుట్టగట్టింది, ఇంకోచోట అసలు దారమే లేదు. పక్క పువ్వు తడిమింది. దానికి ఒక రెక్క పూర్తిగా తప్పిపోయింది. కొత్తగా మిషన్ ఎక్కిన పిల్ల కుట్టినట్టుంది!

"ఇది... ఎవురు కుట్టినారు?"

 ఫర్హత్ కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలాయి.

అబాయాను కిటికీ దగ్గరికి పట్టుకుపోయి చూసింది మాబున్ని. నలుపు... అంతా ఒకటే నలుపు! గుడ్డేదో, పువ్వేదో! దారం మంచిదే. లైటు మంచిదే. ఇల్లంతా దొంగల కోసం వెతికింది గానీ, ఆ దొంగ తన కంట్లోనే కాపురముంది! ఆనాడు కొట్లో ఆవిడ విసిరికొట్టిన అబాయా ఎవరు కుట్టిందో కూడా అప్పుడు తెలిసింది ఆమెకు. తన తప్పును నెత్తికెత్తుకుని చేతులు కట్టుకుని నిలబడిన పిల్లను, 'చేతగాకపోతే బోకులు తోముకోపో' అంది తను... అందరి ముందూ అంది!

"ఎందుకు చెప్పలేదే... ఎందుకు చెప్పలేదు నాకు!" అంటూ అక్కడే నేల మీద కూలబడింది.

"ఎట్ల చెప్పేది?" మునాఫ్ టీ కప్పులు బల్ల మీద పెట్టాడు. "మిషన్ మీద కాలు పెట్టని పొద్దు నేను బతికుండను అనేదానివి గదా. డాక్టరు కాడికి పోదాం రమ్మంటే షుగరు మాత్రలు చాల్లే అంటివి. ఈ వచ్చే రంజాన్ గిరాకీ గడిచినాక చెప్దామని నేనే ఆపినా. ఫర్హత్ తప్పేం లేదు. నీ కుట్టు విప్పేది, అదే పువ్వు నీ మాదిరే మళ్ళా కుట్టేది... పాపం, దాని చేతులు సూడు."

ఫర్హత్ వేళ్ళ నిండా బ్లేడు గాట్లు. మాబున్ని ఆ చేతులను కళ్ళకద్దుకుని వలవలా ఏడ్చింది. "నేనన్న మాటకు నా నాలుక తెగ్గోసినా పాపం పోదే..." అంటే, "నా తల్లి అనుంటే పడనా అక్కా" అంది ఆ పిల్ల.

డాక్టరు చూశాడు. చక్కెర జబ్బు కంటి లోపలికి పాకిందన్నాడు. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది నిలుపుకోవాలంటే మిషన్ పని మానాలనీ ఖండితంగా చెప్పేశాడు. మాబున్ని విని ఊరికే తలూపింది.

కొట్టుకు రానన్న మాట మాత్రం అలాగే ఉండిపోయింది. మొదట కోపంతో అన్నది, ఇప్పుడు సిగ్గుతో అంది. "రాయచోటికి టికెట్టు తీయి. కండ్లు లేనిదాన్ని గల్లా పెట్టె కాడ కూచోబెట్టి జాలి పడ్తారా? ఆ బతుకు నాకొద్దు" అంది మునాఫ్‌తో. సిరాజ్ బతిమాలినా అదే జవాబు.

ఆ వారం ఒక మధ్యాహ్నం ఫర్హత్ చేతిలో అబాయాతో ఇంటికొచ్చింది. "సాయంత్రం తీసకపోతారక్కా. ఒక్కసారి చెయ్యి పెట్టి సూడు" అంది. మాబున్ని ముఖం తిప్పుకుంది. అబాయా ఒళ్ళో పడింది. ముఖం అటే ఉంది గానీ, వేళ్ళు ఊరుకుంటాయా! అంచు వెంబడి నడుచుకుంటూ పోయి ఒకచోట ఆగాయి.

"ఈ ఆకు వదులుగా ఉండాది. పీకెయ్."

"యాడ? బాగనే ఉంది గదక్కా!"

"ఈడ. కొస కాడ."

ఫర్హత్ దాన్ని లాక్కుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. మాబున్ని గుండెలో పాత పురుగు మళ్ళీ కదిలింది. నన్ను నమ్మించడానికి ఈ పిల్ల నాటకం కట్టలేదు గదా...

"నిజం చెప్పు. నన్ను మెప్పించాలని కావాలనే వంకర కుట్టుకొచ్చినావు గదా?"

"అల్లా తోడు!" ఫర్హత్ ముఖం ఎర్రబడింది. "పొద్దున్నుంచి నడుం పడిపొయ్యేట్ల కుట్టినా! బావ సూసినాడు, ఆయన సూసినాడు, ఒక్కరూ వంక పెట్టల్యా! నలుపు మీద నలుపు, ఎవురికి కనబడతాది? ఇప్పుడు పీకమంటే టైము యాడుంది? నీ చేతిలో పడితే చాలు, ఎవురి పనీ నచ్చదు!" అని గొణుగుతూ, ఉక్రోషంతో కన్నీళ్ళు తుడుచుకుంటూ బ్లేడు కోసం సంచి కుమ్మరించింది.

మాబున్ని చెవులప్పగించి వింది. ఎన్నాళ్ళ తర్వాతో ఆ పిల్ల తన మీద కోపపడింది! జాలి పడే మనిషి ఇట్లా కోపపడదు. లేచి కొక్కేనికున్న బురఖా అందుకుంది.

"కంటికి కనబడదు సరే, తొడుక్కున్న మనిషి చేతికి తగలదా? పద, కొట్లో కూచోని పీకుదువు గాని. నేనూ వస్తాండా."